చేతిలో ఇమిడే గేమ్ డబ్బా – 5వ పాఠం: బ్యాటరీ పెట్టడం

పోయిన పాఠంలో రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్ బోర్డుకి స్క్రీన్, బటన్లు కలిపి ఫోన్ చార్జర్ మీద ఆడించి చూశాం. ఇక ఆ వైరు లేకుండా ఆడాలి.

కొత్త 18650 సెల్ (మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే గొట్టంలాంటి లిథియం బ్యాటరీ) ఒకటి, దాని హోల్డర్, టీపీ4056 చార్జింగ్ బోర్డు, సెల్ వోల్టేజిని పెంచే ఎంటీ3608 బూస్ట్ బోర్డు, స్విచ్ తెచ్చుకోండి. పాత లాప్‌టాప్ బ్యాటరీ విప్పితే సెల్ ఊరికే వస్తుంది కదా అంటారు. వద్దు. అది ఎన్నేళ్లు నలిగిందో పైకి కనబడదు. సెల్ మీద నేరుగా సోల్డర్ కూడా పెట్టకండి, ఆ వేడికి లోపలి పొరలు దెబ్బతింటాయి. హోల్డర్ అందుకే.

టీపీ4056 కొనేటప్పుడు దాని చివర చూడండి. బీ ప్లస్, బీ మైనస్ మాత్రమే ఉంటే రక్షణ లేని రకం. వాటి పక్కన అవుట్ ప్లస్, అవుట్ మైనస్ కూడా ఉన్నదే మనకు కావాలి. చాలామంది తప్పేది ఇక్కడే. మల్టీమీటరును, రెండు చోట్లు కలిసి ఉంటే మోగే బీప్ మీద పెట్టి బీ ప్లస్, అవుట్ ప్లస్ తాకించండి, మోగుతుంది. రెండూ ఒకటే కదా అని మైనస్ వైరు కూడా బీ నుంచే లాగేస్తారు. కాపలా అంతా మైనస్ దారిలోనే ఉంది. దాన్ని తప్పించారంటే సెల్ అడుగంటినా, షార్ట్ అయినా ఆపేవాడు లేడు. సెల్ రెండు కొసలూ బీ లకు, బూస్ట్ బోర్డు అవుట్ లకు, అంతే.

బూస్ట్ బోర్డును రాస్ప్‌బెర్రీ పైకి కలపకముందే మల్టీమీటరు పెట్టి 5.1 వోల్టులకు తిప్పుకోండి. దాని స్క్రూ మొదట ఎన్ని చుట్లు తిప్పినా కదలనట్టే ఉంటుంది, ఓపిక పట్టాలి. ముందే కలిపేస్తే రాస్ప్‌బెర్రీ పై పాడైపోయినట్టే.

ఎంతసేపు ఆడుతుంది? 2600 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్ అంటే 3.7 వోల్టుల మీద 9.6 వాట్ అవర్లు. బూస్ట్‌లో పోయేది పోను 8 మిగులుతాయనుకుందాం. డబ్బా 2.5 వాట్లు తాగితే మూడు గంటల పైచిలుకు.

టీపీ4056 బోర్డు మామూలుగా 1 ఆంపియరుతో చార్జి చేస్తుంది. 500 మిల్లీ ఆంపియర్ అవర్ సన్న పౌచ్ సెల్ (పలచటి సంచిలాంటి సెల్) పెట్టేవాళ్లకు అది ఎక్కువ. దాని మీది 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీసి 5 కిలో ఓమ్ పెడితే 250 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది.

లిథియం సెల్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. రోహిణి కార్తెలో నెల్లూరైనా ఒంగోలైనా మధ్యాహ్నం రేకుల గదిలో పెడితే ఆ హద్దు చేరడానికి ఎంతోసేపు పట్టదు, చార్జింగ్ వేడి దానికి తోడు. పొద్దున్నే, గచ్చు నేల మీద, మనిషి ఉన్నప్పుడే పెట్టండి. చార్జింగ్‌లో ఉండగా ఆడొద్దు: డబ్బా లాగే కరెంటు వల్ల సెల్ నిండిందో లేదో బోర్డు సరిగా పసిగట్టలేదు. ఉబ్బిన సెల్‌ను మళ్లీ చార్జి చేయనే చేయకండి.

వచ్చే పాఠంలో మెమరీ కార్డు పాడవకుండా డబ్బాను ఆపే బటన్ పెడదాం. ఈలోగా సెల్ వోల్టేజి నిండుగా ఉన్నప్పుడు, గంట ఆడాక కొలిచి రాసి ఉంచుకోండి.