వాగు ముందు కాలు ఆగితే ఆగిపోండి

పోయిన వారం మా పక్క మండలంలో లోలెవెల్ వంతెన మీద నుంచి ఒక కారు వాగులోకి జారిపోయింది. బతికి బయటపడ్డ మనిషిని చూడటానికి ఆసుపత్రికి వెళ్లాను. నా చెయ్యి పట్టుకుని ఆయన మొదట చెప్పింది నీళ్ల సంగతి కాదు. వంతెన ముందు బండి ఆపినప్పుడే తనకు మనసొప్పలేదని, వద్దన్న మాట నోటిదాకా వచ్చిందని చెప్పాడు. ఈలోగా ముందున్న ఆటో దాటేసిందట. దాంతో వీళ్లూ పోనిచ్చారు.

పందొమ్మిదేళ్లుగా వాగు దాటి బడికి వెళ్లే ఉద్యోగం నాది. వాగు నోట్లో పడి బయటికొచ్చిన వాళ్లు ఎందరితోనో మాట్లాడాను. నీళ్లు ఉన్నట్టుండి వచ్చాయని మొదలుపెడతారు. కాసేపు కూర్చుంటే అసలు సంగతి బయటికొస్తుంది. దిగకముందే వాళ్లకు తెలిసింది. తెలిసీ దిగారు.

కాబట్టి ఈ వానాకాలానికి గొడుగులు, టార్చిలైట్లు, ఫోన్ చార్జింగుల గురించి నేను చెప్పను. అవి అందరికీ తెలుసు. నేను కళ్లారా చూసిన ఒక్క తప్పు గురించే చెబుతాను: మనసు ఆగమన్నాక, ముందు వెళ్లిన బండిని చూసి ఆ మాటను కొట్టేయడం.

మనసు ఎట్లా చెబుతుంది

మాటలతో చెప్పదు. అందుకే చాలామంది దాన్ని గుర్తుపట్టరు. వంతెన కనబడగానే కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోతుంది. కారులో మాటలు ఆగిపోతాయి. ఎవరో ఒకరు చెయ్యి చాపి పాట సౌండు తగ్గిస్తారు. వెనక కూర్చున్న పిల్లాడు వాళ్లమ్మ కొంగు పట్టుకుంటాడు. బండి మీదైతే వెనకున్న మనిషి చెయ్యి మన భుజం మీద బిగుసుకుంటుంది. కడుపులో ఏదో మెలిపెట్టినట్టు ఉంటుంది.

అన్నిటికంటే స్పష్టమైన గుర్తు ఒకటుంది. ఒడ్డున నిలబడ్డ వాళ్లను "దాటొచ్చంటారా అన్నా?" అని అడగాలనిపిస్తుంది. రోజూ పోయే దారిలో ఏ రోజూ అడగని ప్రశ్న అది. అడగాలనిపించిందంటే జవాబు మీకు అప్పటికే తెలిసిపోయింది. ఇక ఒడ్డున ఉన్నాయన చెప్పేదానితో పని లేదు. ఆయన మీ బండిలో కూర్చోవట్లేదు.

అది ఎక్కడి నుంచి వస్తుంది

దీన్ని మహిమ అనుకుంటే వినేవాళ్లు వింటారు, నమ్మకం లేనివాళ్లు నవ్వి పోతారు. ఇది మహిమ కాదు. కళ్లూ చెవులూ పట్టుకున్నదాన్ని బుర్ర మాటల్లో పెట్టడానికి సమయం పడుతుంది. ఒంటికి అంత సమయం అక్కర్లేదు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ అగ్నిమాపక సిబ్బందితో మాట్లాడి సేకరించిన ఉదంతం ఒకటుంది. ఒక ఇంట్లో వెనకవైపు వంటగదిలో మంట. దళ నాయకుడు నీళ్లు కొట్టిస్తున్నాడు, మంట లొంగట్లేదు. గది ఉండాల్సినదానికంటే వేడిగా ఉంది. అంత మంటకు వినబడాల్సిన చప్పుడు లేదు. కారణం తెలియదు కానీ ఆయనకు మనసొప్పలేదు. అందరినీ బయటికి రమ్మన్నాడు. వాళ్లు వచ్చిన కాసేపటికే, అంతవరకూ నిలబడ్డ నేల కూలిపోయింది. అసలు మంట వాళ్ల కాళ్ల కిందున్న బేస్‌మెంట్‌లో ఉంది. తనకేదో అతీంద్రియ శక్తి ఉందని ఆయన చాలాకాలం అనుకున్నాడట. నిజానికి ఆయన్ను కాపాడింది వేడికీ చప్పుడుకూ పొత్తు కుదరకపోవడం.

వాగు దగ్గరా అంతే. రోజూ గలగలమనే నీళ్లు ఆ రోజు లోగొంతుతో హోరుమంటాయి. నీళ్ల రంగు ఒక్కసారిగా ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. నురగ, ఎండుటాకులు, పుల్లలు, ఎవరి పొలం దగ్గరిదో ప్లాస్టిక్ డ్రమ్ము కొట్టుకొస్తుంటాయి. అంటే పైన నీళ్లు ఒడ్డు దాటి పొలాల మీద పడ్డాయన్నమాట. వంతెన అంచున సున్నం కొట్టిన రాళ్లలో నిన్న కనబడినవి ఇవాళ కనబడవు. వీటిలో ఏదీ మీరు లెక్కపెట్టి చూడరు. కాలు మాత్రం బ్రేకు మీదికి పోతుంది.

శకునాలను ఇందులో కలపకండి. కన్నదరడానికీ తుమ్ముకీ వాగుతో సంబంధం లేదు. పిల్లి ఎదురైతే బండి ఆపి నీళ్లు తాగి బయల్దేరే మనిషే వాగు ఎదురైతే ఆగకపోవడం నేను చూశాను.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. మనసు "ఆగు" అంటే వినండి. "ఏం కాదు, పోవచ్చు" అంటే మాత్రం నమ్మకండి. ఈ రెండు మాటలకూ ఒకే విలువ లేదు. క్లైన్, మరో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ కలిసి 2009లో రాసిన వ్యాసంలో తేల్చింది ఇదే: లోపలి తెలివిని నమ్మాలంటే అక్కడ విషయాలు ఒక పద్ధతిలో జరుగుతుండాలి, ఆ పద్ధతి ఒంటబట్టేంతకాలం మనిషి అక్కడ గడిపి ఉండాలి. వాగు వరదకు పద్ధతి ఏముంది? ఏడాదికి రెండుమూడు రోజులు వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కొత్త గుంత తవ్వుతుంది. ఇరవై ఏళ్లుగా ఈ దారిన తిరుగుతున్నానని అనేవాళ్లు ఇరవై ఏళ్లు తిరిగింది మామూలు నీళ్లలో. పైగా తప్పు ఆగితే ఒక పూట పోతుంది. తప్పు దాటితే ఏం పోతుందో వేరే చెప్పాలా?

ఊరికి కొత్తవాళ్లకు ఏ గుబులూ కలగకపోవచ్చు. నిన్నటి వాగు తెలియని కంటికి ఇవాళ్టి తేడా కనబడదు. చీకట్లో ఎవరికీ కనబడదు. గుబులు కలగలేదు కాబట్టి ప్రమాదం లేదని అనుకోవద్దు.

ముందు వెళ్లిన బండి

మళ్లీ చెబుతున్నాను, మనుషుల్ని ముంచేది ఇదే.

ఏడేళ్ల కింద, ఆశ్లేష కార్తెలో, సాయంత్రం బడి నుంచి వస్తున్నాం. నా బండి వెనక మా తోటి సారు ఉన్నాడు. పొద్దున దాటిన చప్టానే. మోకాలి కిందికే నీళ్లు. ఆగాను. నాకు మనసొప్పలేదు. ఈలోగా వెనక నుంచి ఒక ట్రాక్టరు వచ్చి నీళ్లు చిమ్ముకుంటూ దాటేసింది. గేరు వేశాను. సారు నా భుజం తట్టాడు. ఎందుకు తట్టాడో నాకు అర్థమైంది. అయినా ముందుకే పోయాను. ఇంకోసారి తట్టాడు. సగం దూరంలో కాంక్రీటు లేచిపోయిన చోట ముందు చక్రం దిగబడింది. నాకు అంచు రాయి దొరికింది. సారును రెండు వందల గజాలు ఈడ్చుకుపోయి ఒక తుమ్మచెట్టు ఆపింది. ఆయన ఎడమ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు. బోర్డు మీద పైన రాయాల్సి వస్తే పిల్లల్ని పిలుస్తాడు. అది చూసిన ప్రతిసారీ ఆ రెండు తట్లూ నా భుజానికి తెలుస్తాయి.

ట్రాక్టరు వెనక చక్రం నా నడుం దాటి ఉంటుంది. నీళ్లు దాని కింద నుంచి పోతాయి. నా బండికి అట్లా కాదు. ముందు బండి దాటింది దాని బరువుతో, దాని ఎత్తుతో, అప్పటి నీళ్లలో. మీ ముందున్నవి ఆ నీళ్లు కావు. అవి ఈపాటికి ఎంతో దూరం పోయాయి. అది దాటుతూ అంచు కాంక్రీటును ఇంకాస్త కదిపి పోయిందేమో కూడా మీకు తెలియదు.

కారున్న వాళ్లు బరువును చూసి ధైర్యపడతారు. లెక్క వేసుకోండి. వెయ్యి కిలోల కారు తేలాలంటే వెయ్యి లీటర్ల నీళ్లను పక్కకు నెడితే చాలు. కారు అడుగు వైశాల్యం సుమారు 6 చదరపు మీటర్లు. అంటే అడుగుభాగం 17 సెంటీమీటర్లు మునిగితే తేలుతుంది. నేలకూ కారు అడుగుకూ మధ్య ఇంకో 17 సెంటీమీటర్లు కలపండి. మొత్తం కలిపి 34 సెంటీమీటర్లు, కొలతలో ఒక అడుగుకు కాస్త ఎక్కువ, అంతే. చక్రాలు అంతకంటే ముందే పట్టు వదిలేస్తాయి. నడిచేవాళ్లను పడేయడానికి వేగంగా పారే నీళ్లు అరడుగు ఉన్నా చాలు. ప్రవాహం వేగం రెట్టింపయితే దాని తోపు నాలుగింతలవుతుంది. చూపుకి లోతు తెలుస్తుంది కానీ తోపు తెలియదు.

2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మం మీద, బుడమేరు విజయవాడ మీద పడ్డ రోజు, ఖమ్మంలో ప్రకాశ్ నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి ఒడ్డుకు తెచ్చాడు. ఆయనకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ వీడియో చూసి కారు గేరు మార్చకండి. జేసీబీ పోయినచోట కారు పోదు.

ఇక వరసగా చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

బండిలో ఎవరు "వద్దు" అన్నా అదే ఆఖరి మాట. ముసలమ్మ అన్నా, పిల్లాడు అన్నా, ఎప్పుడూ భయపడే మనిషే అన్నా సరే. ఓట్లు లెక్కపెట్టొద్దు. కారణం అడగొద్దు.

"పిరికోడు" అన్న మాట ఆ దరిదాపుల్లో ఎవరూ అనకూడదు. ఆడవాళ్లు వద్దంటే నవ్వకూడదు.

ఆగాక వాగు ముందే నిలబడి చూస్తూ ఉండకండి. పది నిమిషాలు చూస్తే కళ్లు అలవాటు పడతాయి, నీళ్లు తగ్గినట్టే అనిపిస్తుంది. బండి వెనక్కి తిప్పేయండి. తిప్పాక ఆలోచించండి.

వాన తగ్గిందని దిగొద్దు. మీ దగ్గర వాన తగ్గితే పైన తగ్గినట్టు కాదు. 2023 జూలై 26–27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. 27 తెల్లారేసరికి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కి ఉన్నారు.

పైన చెరువు నిండి మత్తడి దూకుతోందని వింటే కింది వాగు దాటొద్దు.

ఎండ కాస్తోందని కూడా దిగొద్దు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున రాళ్ల మీద నిలబడ్డ హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మంది, వాళ్లతో వెళ్లిన టూర్ మనిషి ఒకరు కొట్టుకుపోయారు. పైనున్న లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. డ్యామ్ కింద, నీళ్ల చప్పుడు మారితే ఫోటో వదిలేసి ఒడ్డెక్కండి. వెనక్కి చూడొద్దు.

పొద్దున దాటాం కదా అని సాయంత్రం దాటొద్దు.

అడ్డంగా ముళ్లకంప వేసి ఉంటే, తాడు కట్టి ఉంటే, దాన్ని జరపొద్దు. ఎవరి మనసో ఆగమంటేనే ఆ కంప అక్కడికొచ్చింది.

నడుముకు తాడు కట్టుకుని దిగొద్దు. కాలు జారితే ఆ తాడే మిమ్మల్ని నీళ్ల కిందికి గుంజి పట్టుకుంటుంది.

నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. బెల్టు విప్పండి, వెంటనే అద్దం దించండి, కిటికీలోంచి బయటికి రండి. ఆలస్యమైతే కరెంటు అద్దాలు దిగవు. నీళ్ల ఒత్తిడికి తలుపు తెరుచుకోదు.

బైకు జారితే హ్యాండిల్ వదిలేయండి. వదిలేయండి. బండి కోసం పోయిన వాళ్లను చూశాను.

నిలిచిన నీళ్లలో అరికాళ్లు జిమ్మన్నా, తిమ్మిరెక్కినట్టు ఉన్నా తెగిన కరెంటు తీగ దగ్గర్లో ఉన్నట్టే. ముందుకు ఒక్క అడుగు కూడా వద్దు. పాదాలు ఎత్తకుండా, దగ్గరదగ్గరగా ఈడుస్తూ వెనక్కి రండి.

తాగిన మనిషి స్టీరింగ్ పట్టుకుంటే బండి ఎక్కొద్దు. వాడికి లోపలి నుంచి ఏ మాటా వినబడదు.

మరొకరు కొట్టుకుపోతుంటే వెంట దూకొద్దు. కొమ్మ, పంచె, ఖాళీ డ్రమ్ము, లారీ ట్యూబు, ఏది దొరికితే అది విసరండి. 112కు ఫోన్ చేయండి.

ముందు బండి దాటిందా? దాటనివ్వండి. వెనక బండి హారన్ కొడుతోందా? కొట్టనివ్వండి. పక్కకు జరిగి దారివ్వండి, వినేవాళ్లయితే వాళ్లనూ ఆపండి. మీరు మాత్రం దిగొద్దు.

ఆగిన చోటే ఎవరింట్లోనో, గుళ్లోనో, బళ్లోనో తలదాచుకోండి. మా ప్రాంతంలో వాన రాత్రి తలుపు తడితే పొమ్మన్నవాళ్లను నేను చూడలేదు.

ఇక ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు. వానలో బయల్దేరిన మనిషికి పదే పదే ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చావని అడగొద్దు. అన్నం చల్లారుతోందనొద్దు, పిల్లలు నిద్రపోకుండా నీకోసమే చూస్తున్నారనొద్దు. ఒక్కసారే చేయండి. వాగు పారుతుంటే ఈ రాత్రికి అక్కడే ఉండిపో, పొద్దున రా అని చెప్పి పెట్టేయండి.