పిల్లల పుట్టినరోజుకి చేత్తో చేసిన కార్డు, ఇంట్లో చేసిన తినుబండారాలు

పుట్టినరోజు అనగానే బేకరీకి ఫోన్ చేసి కేజీ కేక్ చెప్పేయడం, ఆన్‌లైన్‌లో బెలూన్ల సెట్ ఆర్డర్ పెట్టేయడం ఇప్పుడు అందరికీ అలవాటే, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి అంతకన్నా టైమ్ కూడా దొరకదు. అయినా ఏడాదికి ఒక్కసారి కొంచెం ముందుగా మొదలుపెట్టి కార్డూ తిండీ ఇంట్లోనే చేసి చూడండి, అదీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని. తన చేత్తో చుట్టిన సున్నుండని స్నేహితుడి చేతిలో పెట్టేటప్పుడు ఐదేళ్ల పిల్లాడి ముఖంలో కనిపించే గర్వం ఏ థీమ్ పార్టీకీ రాదని నా గట్టి నమ్మకం.

ఎన్ని రకాలు చేయాలన్నది ముందే తేల్చుకోండి. ఒక తీపి, ఒక కారం, ఒక చిన్న కేక్, అంతే. ఇంకా ఏమైనా చేద్దామనిపిస్తే వచ్చే ఏడాదికి దాచుకోండి. పుట్టినరోజు పొద్దున తలంటు, కొత్తబట్టలు, హారతి, అక్షింతలు, గుడికి వెళ్లిరావడం, మధ్యలో అమ్మమ్మల తాతయ్యల వీడియో కాల్స్, వీటితోనే సగం రోజు గడిచిపోతుంది కాబట్టి ఆ పూట పొయ్యి మీద పాయసం తప్ప వేరే పని ఉండకూడదు. కార్డులు ముందు ఆదివారం, సున్నుండలు జంతికలు రెండు రోజుల ముందు, కేక్ ముందు రోజు సాయంత్రం. ఇలా పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ముందు కార్డు సంగతి. స్టేషనరీ షాపులో 200 నుంచి 250 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందన్న లెక్క) మందం ఉన్న ఏ4 షీట్లు అడగండి. డ్రాయింగ్ బుక్ కాగితం కూడా పనికొస్తుంది కానీ వాటర్ కలర్ తగలగానే ముడతలు పడుతుంది. వీటికన్నా మంచి సరుకు చాలా ఇళ్లల్లో బీరువా మీదే ఉంటుంది, పాత పెళ్లి శుభలేఖలు. మంచి మందం, బంగారు అంచులు, లోపల ఖాళీ పేజీలు. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్కని కత్తిరించడానికి మనసొప్పకపోతే దాన్ని తీసి పక్కన పెట్టి మిగతాది వాడుకోండి, ఆ అంచుల పట్టీలు సాదా కార్డు చుట్టూ అంటిస్తే కొన్నదానిలా ఉంటుంది.

మందపాటి కాగితాన్ని నేరుగా మడిస్తే మడత దగ్గర పగులుతుంది. మడత రావాల్సిన చోట స్కేల్ పెట్టి, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో ఒకసారి గట్టిగా గీత గీసి అప్పుడు మడవండి, అంచు నిటారుగా వస్తుంది. ఏ4 షీట్‌ని అడ్డంగా సగానికి మడిస్తే ఒక్కో పేజీ 21 సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు 15 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది, కార్డుకి అది సరిపోయే సైజు.

ఇప్పుడు పిల్లలు ఎగిరి గంతేసే పని, తెరవగానే బొమ్మ లేచి నిలబడే కార్డు. చూడ్డానికి కష్టంగా ఉంటుంది కానీ రెండే రెండు కత్తిరింపులు. అంతే సైజు ఇంకో షీట్ తీసుకుని సగానికి మడిచి, మడత వైపు నుంచి లోపలికి 4 సెంటీమీటర్ల పొడవున రెండు గీతలు కత్తిరించండి, గీతల మధ్య 3 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. మధ్యలో వచ్చిన పట్టీని ముందుకీ వెనక్కీ ఒకసారి మడిచి, షీట్ తెరిచి, పట్టీని లోపలికి నెట్టండి. చిన్న మెట్టులా నిలబడుతుంది. ఆ మెట్టు ముందు భాగానికి బొమ్మ అంటించాలి, బొమ్మ అడుగు కింద పేజీకి ఆనేలా. చాలామంది ఇక్కడే తడబడతారు, కార్డు మూశాక బొమ్మ తల బయటికి వచ్చేస్తుంది. లెక్క తేలికే, కత్తిరింపు పొడవు, బొమ్మ ఎత్తు కలిపితే పేజీ ఎత్తుకన్నా తక్కువ ఉండాలి. 4 సెంటీమీటర్ల కత్తిరింపు, 8 సెంటీమీటర్ల బొమ్మ, మొత్తం 12, పేజీ దాదాపు 15, కాబట్టి లోపలే ఉండిపోతుంది. చివర్లో ఈ షీట్‌ని పై కార్డుకి అంటించేటప్పుడు ఆ పట్టీ వెనకాల మాత్రం ఫెవికాల్ తగలనివ్వకండి, తగిలితే ఇక లేవదు.

బొమ్మ ఏది పెట్టాలంటారా, పిల్ల ఫొటో ప్రింట్ తీయించి ఆకారం వెంబడి కత్తిరించి పెడితే అంతకన్నా ఏం కావాలి. సైకిల్ మీదున్న ఫొటో అయితే మరీ బాగుంటుంది.

మూడు నాలుగేళ్ల పిల్లలకి కత్తెర ఇవ్వలేం కదా, వాళ్లకి అచ్చులు వేసే పని ఇవ్వండి. బెండకాయని అడ్డంగా కోస్తే ఐదు రేకుల పువ్వు సిద్ధం. కోసిన వైపు జిగురుని గుడ్డతో బాగా తుడిచి, రంగులో పలుచగా అద్ది కాగితం మీద నొక్కాలి, రంగు ఎక్కువైతే పువ్వు మచ్చలా అలుక్కుపోతుంది. మందారాకుకైతే ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే వెనక వైపు రంగు పూసి అద్దండి, ఈనెలన్నీ కాగితం మీద దిగుతాయి. వేలిముద్రలు కూడా సరదాగా ఉంటాయి, ఒక ముద్రకి నాలుగు కాళ్లు, తోక గీస్తే కుక్కపిల్ల. మెరుపుల పొడి మాత్రం చిన్నపిల్లల కార్డుల మీద వద్దనే చెబుతాను, అది చేతులకి, అక్కణ్నుంచి నోట్లోకి వెళ్తుంది.

అక్షరాల దగ్గర ఒక జాగ్రత్త. పుట్టినరోజు శుభాకాంక్షలు అని తెలుగులో పెద్దగా రాయాలంటే కింద వత్తులకీ పైన గుడులకీ చోటు కావాలి. రెండు వరుసలుగా విడగొట్టి, వరుసల మధ్య కనీసం ఒక వేలు మందం వదిలి, ముందు పెన్సిల్‌తో రాసి చూసుకుని తర్వాత స్కెచ్‌తో దిద్దండి. పిల్లలే రాస్తానంటే రాయనివ్వండి, వత్తు పక్కకి పోయినా దిద్దకండి, అది వాళ్ల కార్డు.

ఇంక అసలు విషయం, లోపల ఏం రాయాలి. నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని దీవించడం మన పద్ధతి, తప్పకుండా రాయండి, దాని కింద ఆ పిల్లకే చెందిన రెండు మాటలు కూడా రాయండి. ఈ ఏడాది ఏం నేర్చుకుంది, ఎవరికి సాయం చేసింది, ఏ మాట అని ఇంట్లో అందర్నీ నవ్వించింది. "ముందు పళ్లు రెండూ ఊడినా జామకాయ వదల్లేదు నువ్వు" లాంటి వాక్యం ఇంకే కార్డులోనూ ఉండదు. ఊళ్లో ఉన్న నానమ్మ రాయలేకపోతే ఫోన్‌లో చెప్పించుకుని ఆవిడ అన్నది అన్నట్టే రాయండి, "ఒరేయ్ నాన్నా" అంటే అలాగే ఉంచండి, దాన్ని మంచి భాషలోకి మార్చకండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవళ్లకి పంపుతుంటే, వాళ్లకి తెలుగు చదవడం ఇంకా రాకపోతే, పెద్ద అక్షరాలతో చిన్న చిన్న మాటలు రాసి, అవే మాటలు చదువుతూ వాయిస్ మెసేజ్ కూడా పెట్టండి, వింటూ చూసుకుంటారు.

తీపిలో నా ఓటు సున్నుండలకే. పాకం పట్టే పని లేదు, వారం పైన నిలవ ఉంటాయి, పిల్లలు చేయి వేయడానికి వీలుంటుంది. మినప్పప్పు 2 కప్పులు, బెల్లం తురుము కప్పున్నర, కాచిన నెయ్యి ముప్పావు కప్పు, బియ్యం ఒక పెద్ద చెంచా. చిన్న ఉండలైతే 25 దాకా అవుతాయి. పొట్టు మినుములు దొరికితే రుచి ఇంకా బాగుంటుంది, రంగు మాత్రం కొంచెం ముదురుగా వస్తుంది. బియ్యం ఎందుకంటే, ఉత్త మినప్పిండి అంగిట్లో అంటుకుంటుంది, ఆ చెంచాడు బియ్యం కలిస్తే అంటుకోదు. మందపాటి బాణలిలో సన్నటి సెగ మీద పప్పు, బియ్యం కలిపి దోరగా, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి, పావుగంట పైనే పడుతుంది, తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఒక పలుకు కొరికి చూడండి, కటుక్కుమనాలి. పూర్తిగా చల్లారాక మిక్సీ పట్టి, బెల్లం కూడా వేసి ఒక తిప్పు తిప్పితే రెండూ బాగా కలుస్తాయి. మరీ మెత్తగా పట్టకండి, కాస్త పలుకు తగిలితేనే బాగుంటుంది. తర్వాత గోరువెచ్చటి నెయ్యి కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలబడగానే ఆపేయండి, మిగిలిన నెయ్యి పోయనక్కర్లేదు. ఇప్పుడు పిల్లల్ని పిలవండి. చేతులు కడిగించి, చిన్న నిమ్మకాయంత పిండి ఇచ్చి, ముందు గట్టిగా పిసికి తర్వాత గుండ్రంగా తిప్పమని చూపించండి, వంకర టింకరగా వచ్చినవి కూడా అదే డబ్బాలో పెట్టండి.

జంతికల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, ఎవరింటి కొలత వాళ్లకి ఉంటుంది. లేనివాళ్లు బియ్యప్పిండి 4 కప్పులకి శనగపిండి 1 కప్పు, వాము, నువ్వులు, ఉప్పు, చిటికెడు కారం, రెండు చెంచాల వెన్నతో మొదలుపెట్టండి. వెన్న ఎక్కువైతే నూనెలో విడిపోతాయి. పిల్లల కోసం చిన్న చిన్న చుట్లు వేయండి, వాళ్లని మాత్రం మూకుడు దగ్గరికి రానివ్వకండి.

కేక్‌కి ఓవెన్ లేదని ఆగక్కర్లేదు, కుక్కర్ చాలు, గుడ్డు కూడా అక్కర్లేదు. పులవని గట్టి పెరుగు 1 కప్పు, పంచదార ముప్పావు కప్పు, కరిగేదాకా గిలక్కొట్టండి. అందులో బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూన్, వంటసోడా అర టీస్పూన్ వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే పెరుగులోని పులుపుకి సోడా పొంగి నురగ వస్తుంది. కేక్ గుల్లబారేది దీనివల్లే, కాబట్టి ఈ అయిదు నిమిషాలు ఎగ్గొట్టకండి. తర్వాత వాసన లేని నూనె అర కప్పు, వెనిల్లా ఎసెన్స్ ఒక టీస్పూన్, జల్లించిన మైదా కప్పున్నర రెండు విడతలుగా వేసి ఉండలు లేకుండా కలిపితే చాలు, ఎక్కువసేపు తిప్పితే కేక్ గట్టిపడుతుంది. సగం మైదా, సగం గోధుమపిండి వేసినా బాగానే వస్తుంది.

ఐదు లీటర్ల కుక్కర్ అడుగున ఒక కప్పు ఉప్పు పరిచి, మీద చిన్న స్టాండ్ పెట్టి, గాస్కెట్, విజిల్ రెండూ తీసేసి మూతపెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. నీళ్లు పోయకూడదు. నూనె రాసి పిండి చల్లిన గిన్నెలో మిశ్రమం పోసి లోపల పెట్టి, సన్నటి సెగ మీద 40 నుంచి 45 నిమిషాలు. గిన్నెలో సగం పైన పోయకండి, పొంగుతుంది. టూత్‌పిక్ గుచ్చితే తడి అంటకుండా రావాలి. ఓవెన్ ఉన్నవాళ్లు 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు పెట్టుకోవచ్చు.

క్రీమ్ పూయడం అందరికీ చేతకాదు, ఎండాకాలంలో అది నిలబడదు కూడా. కార్డులకి వాడిన షీట్ ముక్క ఒకటి తీసుకుని దాని మధ్యలో పిల్ల వయసు అంకె గీసి, లోపలి భాగం కత్తిరించి తీసేయండి. ఆ రేకుని చల్లారిన కేక్ మీద పెట్టి టీ జల్లెడతో పంచదార పొడి చల్లి, రేకుని నిటారుగా పైకి ఎత్తండి. గోధుమరంగు కేక్ మీద తెల్లటి 6 అంకె అంచులు చెదరకుండా పడుతుంది. ఈ పని కేక్ కోసే ముందే చేయండి, చాలాసేపు ఉంటే పొడి చెమ్మ పట్టి కరిగిపోతుంది.

పొద్దున పాయసం బెల్లంతో చేస్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి, మరుగుతున్న పాలల్లో బెల్లం వేస్తే విరిగిపోతాయి. బెల్లం వేరుగా కాసిని నీళ్లలో కరిగించి వడకట్టి, రెండూ కాస్త చల్లారాక కలపండి.

సాయంత్రం వచ్చే పిల్లలకి ఇచ్చి పంపడానికి రెండు సున్నుండలు, నాలుగు జంతికలు బటర్ పేపర్ కవర్లో పెట్టి, మిగిలిన శుభలేఖ ముక్క మీద ఆ పిల్ల పేరు రాసి దారంతో కట్టండి. న్యూస్‌పేపర్‌లో మాత్రం చుట్టకండి, ఆ ఇంకు తిండికి అంటుకుంటుందని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా హెచ్చరించింది. జంతికలు పూర్తిగా చల్లారకుండా కవర్లో పెడితే మెత్తబడిపోతాయి. నాలుగైదేళ్ల లోపు పిల్లలు వస్తుంటే పల్లీ చిక్కీ, విడి పల్లీల లాంటివి పెట్టొద్దు, గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. పిలిచేటప్పుడే వాళ్ల అమ్మానాన్నల్ని పల్లీలు, జీడిపప్పు, పాలు, గోధుమ, నువ్వుల్లాంటివి ఏవైనా పడవా అని అడిగేయండి, కవర్ వెనకాల అందులో ఏమేం వేశారో ఒక వరుసలో రాసిపెట్టండి. పెద్ద పిల్లలుంటే ఈ రాసే పని వాళ్లకే అప్పగించొచ్చు.