బీఏ ఎంతవరకు వచ్చిందో మీరే లెక్క వేసుకోవడం ఎలా?

మా మేనకోడలు గాజువాక నుంచి రోజూ బస్సెక్కి ఊళ్లోని ఒక కాలేజీలో బీఏ చదువుకుంది. మూడో ఏడాది మొదట్లో ఒక ఆదివారం మా ఇంటికొస్తే, "ఎన్ని క్రెడిట్లు అయ్యాయమ్మా?" అని అడిగాను. "అన్నీ పాసే మావయ్యా" అంది. "పాస్ సరే, లెక్క ఎంత?" అంటే దిక్కులు చూసింది. ఫోన్లో పాత మెమోలు తీసి ఒక్కొక్కటీ చదివితే, మొదటి సెమిస్టర్‌లో రెండు క్రెడిట్ల స్కిల్ పేపర్ ఎదురుగా 'ఎఫ్' అని ఉంది. ఏడాదిన్నర దాటినా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. తనూ సరిగా చూసుకోలేదు.

ఇంజనీరింగ్ పిల్లల బ్యాక్‌లాగుల గురించి వీధిలో అందరికీ తెలుస్తుంది. బీఏ పిల్లల్ని అడిగే నాథుడు ఉండడు. అందుకే ఈ లెక్క బీఏ వాళ్లే రాసుకోవాలి. సెమిస్టర్ ఫలితాలు వచ్చిన రోజు ఒక గంట చాలు. కావలసింది ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్ను, మీ మెమోలు, ఫోన్లో క్యాలిక్యులేటర్.

ముందు మీ రూల్స్ ఏవో తేల్చుకోండి

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పక్కింటి అక్క చెప్పిన రూల్, సీనియర్ చెప్పిన రూల్ మీకు వర్తించకపోవచ్చు. రెండు సంగతులు చూసుకోవాలి.

ఒకటి, మీరు చేరిన సంవత్సరం. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువు గత పదేళ్లలో చాలాసార్లు మారింది. 2015-16లో సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. 2020-21 బ్యాచ్ నుంచి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి అయ్యాయి. 2022-23 బ్యాచ్ దాకా హెచ్‌ఈపీ అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ సమానంగా చదివేవారు. 2023-24లో చేరినవాళ్లకి ఒక మేజర్, ఒక మైనర్ అనే పద్ధతి పెట్టారు. కాబట్టి 2021లో చేరిన అన్నయ్య పేపర్ల లిస్టు పట్టుకుని 2023 బ్యాచ్ తమ్ముడు లెక్క వేస్తే సరిపోదు.

రెండోది, మీ కాలేజీ అటానమసా, అఫిలియేటెడా అన్నది. విశాఖలో చాలా కాలేజీలు ఆంధ్ర యూనివర్సిటీకి అనుబంధం. పరీక్ష పేపర్లు, ఫలితాలు యూనివర్సిటీ నుంచే వస్తాయి. డాక్టర్ వి.ఎస్.కృష్ణా గవర్నమెంట్ కాలేజీ, సెయింట్ జోసెఫ్స్ ఉమెన్స్ కాలేజీ లాంటివి అటానమస్. పరీక్షలు తామే పెట్టుకుంటాయి, డిగ్రీ మీద మాత్రం యూనివర్సిటీ పేరు ఉంటుంది. అందువల్ల ఇంటర్నల్స్‌కి ఎన్ని మార్కులు, పాస్ మార్కు ఎంత, సప్లీ ఎప్పుడు అన్నవి కాలేజీని బట్టి మారతాయి. సీనియర్ని అడగొద్దని కాదు. అడిగాక మీ బ్యాచ్ రెగ్యులేషన్స్ కాగితం ఒకటి సంపాదించుకోండి. డిపార్ట్‌మెంట్‌లోనో, కాలేజీ వెబ్‌సైట్‌లోనో దొరుకుతుంది. దొరక్కపోతే, "మేడమ్, మా బ్యాచ్ కోర్స్ స్ట్రక్చర్ ఒకసారి ఫొటో తీసుకోవచ్చా?" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

పేజీ గీసుకోండి

నోట్‌బుక్‌లో సెమిస్టర్‌కి ఒక పేజీ. పేపర్ పేరు, కోడు, క్రెడిట్లు, ఇంటర్నల్ మార్కులు, ఎక్స్‌టర్నల్ మార్కులు, గ్రేడు, ఇవన్నీ వరుసగా గళ్లలో రాయండి. చివర ఒక గడి ఖాళీగా వదలండి, దాని పని తర్వాత చెబుతాను. కోడు రాయడం మర్చిపోవద్దు. ఒకే పేరుతో రెండు సెమిస్టర్లలో పేపర్లు ఉంటాయి. సప్లీ ఫీజు కట్టేటప్పుడు ఒకదానికి బదులు ఇంకోదానికి కట్టి వచ్చినవాళ్లని చూశాను.

క్రెడిట్ అంటే స్థూలంగా వారానికి ఒక గంట పాఠం చొప్పున ఒక సెమిస్టర్. యూజీసీ లెక్కలో అది 15 గంటల బోధన. నాలుగు క్రెడిట్ల పేపరంటే వారానికి నాలుగు క్లాసులన్నమాట. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160 ఉండాలి. మీ కోర్సు మొత్తం అంతకన్నా ఎక్కువ కావచ్చు. ఆ అంకె మీ స్ట్రక్చర్ కాగితంలో ఉంటుంది, నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి.

ఎస్‌జీపీఏ చేత్తో వేసి చూడండి

ఎస్‌జీపీఏ అంటే ఒక సెమిస్టర్ గ్రేడ్ పాయింట్ల సగటు. మెమోలో ఎలాగూ ఉంటుంది కదా, మళ్లీ వేయడం ఎందుకంటారా? ఒక్కసారి వేస్తే ఏ పేపరు ఎంత లాగుతుందో తెలుస్తుంది. యూజీసీ పది పాయింట్ల స్కేలులో ఓ అంటే 10, ఎ ప్లస్ 9, ఎ 8, బి ప్లస్ 7, బి 6, సి 5, పి 4, ఎఫ్ అంటే సున్నా. మీ మెమో వెనక వేరే పట్టిక ఉంటే దాన్నే వాడండి.

ఉదాహరణకి ఒక సెమిస్టర్ ఇలా ఉందనుకుందాం. నాలుగు క్రెడిట్ల పేపర్లు రెండు, ఒకదాంట్లో బి ప్లస్, ఒకదాంట్లో ఎ. క్రెడిట్లని గ్రేడు పాయింట్లతో గుణిస్తే 28, 32. ఇంగ్లిష్ మూడు క్రెడిట్లు, బి వచ్చింది, 18. తెలుగు మూడు క్రెడిట్లు, ఎ ప్లస్, 27. స్కిల్ పేపర్లు రెండూ రెండేసి క్రెడిట్లు, ఎ, ఓ వచ్చాయి, 16, 20. మొత్తం క్రెడిట్లు 18, మొత్తం పాయింట్లు 141. భాగిస్తే 7.83.

ఇప్పుడు అందరూ "అదేముందిలే" అనుకునే ఆ రెండు క్రెడిట్ల స్కిల్ పేపర్లో ఎ బదులు ఎఫ్ వచ్చిందనుకోండి. 16 పోయి పాయింట్లు 125 అవుతాయి. ఎస్‌జీపీఏ 6.94. దాదాపు ఒక పాయింటు ఒక్క చిన్న పేపరుతో పోయింది. మా మేనకోడలికి ఈ లెక్క చూపించాకే ఆ పేపరు మీద గౌరవం కలిగింది.

సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్లకీ కలిపిన సగటు, దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. రెండు ఎస్‌జీపీఏలు కూడి రెండుతో భాగించకూడదు. మొదటి సెమిస్టర్‌లో 18 క్రెడిట్లకి 141 పాయింట్లు, రెండో సెమిస్టర్‌లో 20 క్రెడిట్లకి 130 పాయింట్లు వస్తే, 271ని 38తో భాగించాలి. 7.13 వస్తుంది. మామూలు సగటు వేస్తే 7.17 అని వస్తుంది, అది తప్పు. తేడా చిన్నదే. కానీ ఏదైనా అప్లికేషన్‌లో రాసిన అంకె మెమోతో కలవకపోతే వెరిఫికేషన్ రోజున టెన్షన్ పడేది మీరే. సీజీపీఏని శాతంలోకి మార్చడానికి కూడా అందరికీ ఒకే సూత్రం లేదు. మెమో మీద ఉన్నదే వాడండి, పదితో గుణించేసి ఊరుకోకండి.

అటెండెన్స్ ముందే కట్టుకోండి

75 శాతం అన్నది అందరూ వినే మాటే. దాన్ని రోజుల్లోకి మార్చి చూసేవాళ్లే తక్కువ. సెమిస్టర్‌లో 90 పనిదినాలు ఉంటే 68 రోజులు హాజరు కావాలి. అంటే 22 రోజులు మానొచ్చు. ఇది చాలా ఎక్కువగా కనిపిస్తుంది, మోసపోయేది అక్కడే. 50 రోజులు గడిచేసరికి 30 రోజులే వెళ్లారనుకోండి. మిగిలిన 40లో 38 రోజులు వెళ్లి తీరాలి. ఇక ఊళ్లో పెళ్లి, పండగ, జ్వరం అన్నీ కలిపి రెండే రోజులు.

ఒంట్లో బాగోక మానితే ఆ వారంలోనే మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చి, దాని జిరాక్స్ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. కొద్దిగా తగ్గితే కండొనేషన్ ఫీజు కట్టించుకుని పరీక్షకి పంపడం మన దగ్గర ఉన్న పద్ధతే. మరీ తగ్గితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్నవాళ్లకి ఈ 75 శాతం మరీ ముఖ్యం. హాజరు చూసే అక్కడా డబ్బు వేస్తారు.

ప్రాజెక్టుల కాగితాలు

2020 తర్వాత చేరినవాళ్ల డిగ్రీ ఎక్కువగా ఆగేది పరీక్షల వల్ల కాదు, ఈ కాగితాల వల్లే అని నా అభిప్రాయం. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది, 180 గంటలు. విశాఖ పిల్లలు చాలామంది జాలరిపేట, మంగమారిపేట లాంటి మత్స్యకారుల ఊళ్ల వైపు వెళ్లి ఇంటింటి సర్వే చేస్తారు. వేట నిషేధం రోజుల్లో వెళ్తే ఇళ్లలో మనుషులు దొరుకుతారు, మాట్లాడడానికి తీరిక కూడా ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లు సముద్రంలోకి వెళ్లవు. ఎండకి తట్టుకోవాలి, అంతే.

సర్వే బాగానే చేస్తారు. లాగ్‌బుక్ మాత్రం చివరి రాత్రి కూర్చుని ఒకే పెన్నుతో ఒకే రాతతో నింపేస్తారు. చూసే సార్‌కి అర్థం కాదనుకుంటారు! ఏ రోజుది ఆ రోజు రాయండి. మెంటార్ సంతకం వారానికోసారి తీసుకోండి. రిపోర్టు ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోన్లో స్కాన్ చేసి పెట్టుకోండి. నోట్‌బుక్‌లో ఖాళీగా వదలమన్న గడి ఇందుకే. సర్టిఫికెట్ చేతికొచ్చిందా, స్కాన్ ఉందా, మార్కులు ఎక్కాయా అని మూడు టిక్కులు పెట్టాలి. ఇంటర్న్‌షిప్‌కీ అంతే.

ఎఫ్ గానీ, ఆబ్సెంట్ గానీ కనిపిస్తే

ముందు అది ఎక్స్‌టర్నల్‌లో వచ్చిందా, ఇంటర్నల్‌లో వచ్చిందా చూడండి. ఎక్స్‌టర్నల్ మార్కుల మీద అనుమానం ఉంటే రీవాల్యుయేషన్‌కి కట్టాలి. నోటిఫికేషన్‌లో ఇచ్చిన ఆఖరు తేదీ దాటితే ఎవరూ ఏమీ చేయలేరు. నాలుగైదు మార్కులతో పోయిందంటే కట్టడంలో అర్థం ఉంది. ఇరవై మార్కులతో పోతే ఆ డబ్బులు సప్లీ ఫీజుకి దాచుకోవడం మేలు.

ఇంటర్నల్‌లో ఆబ్సెంట్ అని పడితే అది చాలాసార్లు ఎక్కించడంలో పొరపాటు. మా మేనకోడలి క్లాస్‌మేట్ ఒకమ్మాయికి అలాగే పడింది. పరీక్ష రాసింది, సార్ దిద్ది పేపరు చేతికిచ్చారు కూడా. అదృష్టంకొద్దీ ఆ పేపరు పారేయలేదు. దాని జిరాక్స్ జతచేసి ప్రిన్సిపాల్ ద్వారా అర్జీ పెట్టింది. కౌంటర్లో ఆయన "ఏటమ్మా, ఇన్నాళ్లు ఏం చేసావు?" అని విసుక్కున్నా, నెల తిరక్కుండా మార్కులు వచ్చాయి. నోటిమాటగా చెప్పి వచ్చేయకండి. రెండు కాపీలు రాసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సహా అందినట్టు సంతకం తీసుకోండి.

సప్లీ రాయాలంటే క్యాలెండర్ చూసుకోవాలి. ఒకటి, మూడు, ఐదు సెమిస్టర్ల పేపర్లు సాధారణంగా ఒక సీజన్‌లో, రెండు, నాలుగు, ఆరు ఇంకో సీజన్‌లో పెడతారు. మా మేనకోడలు తన మొదటి సెమిస్టర్ పేపరుని ఐదో సెమిస్టర్ పరీక్షలతో కలిపి రాసింది. ఆరో సెమిస్టర్‌లో కళ్లు తెరిచి ఉంటే మళ్లీ నవంబరు దాకా కూర్చోవలసి వచ్చేది.

ఏబీసీలో క్రెడిట్లు పడ్డాయా?

డిజిలాకర్‌లోకి వెళ్లి అపార్ ఐడీ, అంటే 12 అంకెల నంబరు, తీసుకుని కాలేజీలో ఇవ్వండి. మీ క్రెడిట్లు ఏబీసీలో, అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో, దాని కిందే జమవుతాయి. ఆధార్‌లో పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఒకలా లేకపోతే ఇక్కడ ఇబ్బంది, ముందే సరిచేయించుకోండి. పెళ్లయో, ఇంట్లో ఇబ్బందో వచ్చి మధ్యలో మానేయాల్సినవాళ్లకి ఈ ఖాతా అక్కరకొస్తుంది. యూజీసీ ఫ్రేమ్‌వర్క్‌లో ఏడాది చదివితే సర్టిఫికెట్, రెండేళ్లకి డిప్లొమా ఇచ్చే వీలుంది. అందుకు నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సు లేదా ఇంటర్న్‌షిప్ కూడా పూర్తిచేయాలి. మూడేళ్లలోపు తిరిగి చేరొచ్చు, మొత్తం ఏడేళ్లలో డిగ్రీ ముగించాలి.

మీకు ఎంత కావాలో తెలుసుకోండి

గ్రూప్-2కీ, సివిల్స్‌కీ డిగ్రీ పాసైతే చాలు, శాతం అడగరు. బీఈడీ చేయాలంటే ఓసీలకి 50 శాతం ఉండాలి. మూడేళ్ల లా కోర్సుకి ఓసీలకి 45, ఓబీసీలకి 42, ఎస్సీ, ఎస్టీలకి 40. నాలుగో ఏడాది ఆనర్స్ విత్ రీసెర్చ్ చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం కావాలి. టీచర్ అవ్వాలనుకునే అమ్మాయి 49 దగ్గర ఆగిపోతే చూడ్డానికి బాధగా ఉంటుంది. అందుకే రెండో ఏడాదిలోనే నోట్‌బుక్ మొదటి పేజీ మీద, క్రెడిట్ల అంకె పక్కన, మీ టార్గెట్ శాతం కూడా రాసేయండి.

చివర్లో

ఆరో సెమిస్టర్ ఫలితాలు వచ్చాక కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకోండి. ఓడీకి, అంటే ఒరిజినల్ డిగ్రీకి, విడిగా అప్లై చేయాలి, అది దానంతట ఇంటికి రాదు. పేర్లు, పుట్టినతేదీ కౌంటర్ దగ్గరే చదివి చూసుకోండి. టీసీ ఇచ్చేముందు లైబ్రరీ నో డ్యూస్ అడుగుతారు. మా మేనకోడలు రెండో ఏడాదిలో తీసుకున్న భారతదేశ చరిత్ర పుస్తకం అప్పుడు బయటపడింది. మంచం కింద ట్రంకు పెట్టెలో, ఆ లాగ్‌బుక్ పక్కనే.