చేప కడుపులో ట్యాగు పెట్టి జాడ పట్టడం ఎలా?

ట్యాగు అంటే చేప జాడ తెలిసేందుకు దాని కడుపులో పెట్టి కుట్టే, నీళ్ళలో కూసే చిన్న గొట్టం. చేపకు ట్యాగు పెట్టామని చెప్పే చాలామంది చివరికి సముద్రం అడుక్కి ట్యాగు పెడతారు. కుట్టు ఊడి ట్యాగు జారిపోతుంది, లేదా చేపే చచ్చి అడుగున పడుతుంది. ట్యాగు మాత్రం అక్కడి నుంచే నెలల తరబడి కూస్తూ ఉంటుంది. ఒడ్డున మనం దాన్ని గ్రాఫు గీసి "ఈ చేపకు ఈ చోటంటే ఇష్టం" అని రాస్తాం. భీమిలి దగ్గర గోస్తనీ మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, పండుగప్పలకు ట్యాగులు పెడుతూ నేనూ మొదట్లో ఇదే చేశాను. అందుకే చెబుతున్నాను.

పద్ధతి ఏమిటో రెండు ముక్కల్లో. ఉప్పునీళ్ళలో రేడియో తరంగాలు పోవు, జీపీఎస్ పనిచెయ్యదు. శబ్దం పోతుంది, సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో. చేప కడుపులో ఉన్న ట్యాగు ఎక్కువగా 69 కిలోహెర్ట్జ్ దగ్గర కూస్తుంది. మన చెవి 20 దాటితే వినదు, మామూలుగా చేపలకూ అది వినపడదు. డాల్ఫిన్లకు మాత్రం వినపడుతుంది. ఒక్కో ట్యాగుది ఒక్కో కూతల వరస, అదే దాని నంబరు. ఆ వరస పూర్తయ్యేందుకు మూడు నాలుగు సెకన్లు పడుతుంది. తర్వాత నిమిషమో మూడు నిమిషాలో, లెక్క లేకుండా మారే విరామం. రెండు చేపలు ఒకేసారి కూస్తే రెండూ చెడతాయి కాబట్టి ఈ ఏర్పాటు. నీళ్ళలో కట్టి ఉంచిన రిసీవరు విన్న నంబరునూ టైమునూ రాసుకుంటుంది. అంతే. చేప ఫలానా చోట ఉందని అది చెప్పదు, తన చుట్టూ కొన్ని వందల మీటర్లలో ఉందని మాత్రమే చెబుతుంది.

వీపుకు ప్లాస్టిక్ దారం గుచ్చి వదిలే పాత పద్ధతి చవకే, కాదనను. కానీ అందులో దొరికేవి రెండే చుక్కలు: వదిలిన చోటు, మళ్ళీ వలలో పడ్డ చోటు. నాకు కావలసిందంతా ఆ రెంటి మధ్యలో ఉంది. పండుగప్ప ముందు మగగా పెరిగి, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. గుడ్లు పెట్టడానికి మొగ దాటి సముద్రపు ఉప్పునీళ్ళకు పోతుంది. ఎప్పుడు పోయింది, ఎన్నాళ్ళకు వచ్చింది అన్నది దారం చెప్పదు.

ముందు సామాను, అనుమతులు

అనుమతులు ముందు. ఇది విశాఖ. తూర్పు నౌకాదళం ఇక్కడే ఉంది. నీళ్ళలో కూసే గొట్టాలు, వినే గొట్టాలు వేస్తామంటే ఎవరైనా అడుగుతారు. నేవీ, పోర్టు, మెరైన్ పోలీసు, మత్స్యశాఖ, మీ సంస్థలోని జంతు ప్రయోగాల కమిటీ, అన్నిచోట్లా కాగితం ఉండాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ చుట్టుపక్కల వెయ్యాలన్న ఆలోచనే మానుకోండి.

ఇక సామాను. ట్యాగులు, రిసీవర్లు, తాడు, బెండు, రెండు తొట్లు, చేప వెల్లకిలా పడుకునేలా మధ్యలో గాడి కోసిన స్పాంజి, బ్యాటరీతో నడిచే చిన్న నీళ్ళ పంపు. కత్తి బ్లేడు, ఫోర్సెప్స్, సూది పట్టుకునే పట్టకారు, కుట్టుదారం విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ డౌన్‌లోని సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. ట్యాగు బరువు చేప బరువులో 2 శాతం దాటకూడదని పాత లెక్క. 13 మిల్లీమీటర్ల లావు ట్యాగు సుమారు 10 గ్రాములు తూగుతుంది కాబట్టి అర కేజీ చేపకు సరిపోతుందంటారు. నేనైతే కేజీన్నరకు తక్కువున్న చేపను ముట్టుకోను.

రిసీవరు దించడం

పాత టైరులో సిమెంటు పోసి కొక్కెం పెడితే లంగరు తయారు. కొక్కేనికి తాడు, అడుగు నుంచి మీటరున్నర ఎత్తున రిసీవరు, దాని పైన నీళ్ళలోనే మునిగి ఉండే బెండు. వినే మొన పైకి ఉండాలి. పైన తేలే బుయ్య మాత్రం కట్టకండి. కనిపించే బుయ్య ఎన్నాళ్ళో ఉండదు.

ఎక్కడ దించాలో మ్యాపును అడగొద్దు, అక్కడ వల వేసేవాళ్ళను అడగండి. నేను మొదట ఎంచుకున్న చోటు చూసి మా బోటు నడిపే పెద్దాయన, "బాబూ, ఇక్కడ ఇసక తిరిగిపోద్ది, నీ రాయి కప్పడిపోద్ది" అన్నాడు. వినలేదు. మూడు నెలల తర్వాత ఆ రాయిని తవ్వి తియ్యాల్సి వచ్చింది. మొగకు లోపల ఒకటి, బయట ఒకటి తప్పనిసరి. ముందు లోపలిది విని, తర్వాత బయటిది వింటే చేప సముద్రానికి పోయినట్టు. ఒక్క రిసీవరుతో దిశ తెలియదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరబోట్ల వలలు తిరగవు కాబట్టి దించడానికి అదే మంచి సమయం. ఆ రోజుల్లో ఇంజన్ బోటు తియ్యాలంటే ముందే మత్స్యశాఖతో మాట్లాడుకోవాలి. అక్టోబరులోపు ఒకసారి పైకి తీసి డేటా దించుకోండి. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న. ఈ తీరంలో పనిచేసేవాళ్ళకు ఆ తేదీ చాలు.

ఎంత దూరం వినపడుతుందో కూడా మీరే కొలవాలి. డబ్బా మీద రాసింది పట్టించుకోవద్దు. ఒక ట్యాగును 100, 200, 300, 400 మీటర్ల దూరాల్లో ఒక్కో రోజు కట్టి ఉంచి, కూసినవాటిలో ఎన్ని విందో లెక్కపెట్టండి. సగానికి పడిపోయిన దూరమే మీ రిసీవరు దూరం. ఆ తర్వాత కూడా ఒక ట్యాగును దగ్గర్లో శాశ్వతంగా కట్టి వదిలెయ్యండి. ఎందుకో చివర్లో చెబుతాను.

కోత, కుట్టు

ఇక్కడ నిదానించండి. లక్షలు పోసి రిసీవర్లు కొన్నవాళ్ళు కుట్టు నేర్చుకోవడానికి ఒక్క పూట కూడా పెట్టరు. ఈ పనిలో చెడేదంతా ఈ నాలుగు నిమిషాల్లోనే చెడుతుంది.

బతికిన చేపను ముట్టుకునే ముందు, ఫిషింగ్ హార్బరులో పొద్దున వేలం పాటలో కొన్న చచ్చిన చేపల మీద కనీసం ఇరవై సార్లు కోసి కుట్టండి. అరటితొక్క మీద నేర్చుకున్నామంటారు కొందరు. అరటితొక్కకు పొలుసుండదు, కింద పేగు ఉండదు. చేప మీదే నేర్చుకోండి. పులుసుకి ఎలాగూ పనికొస్తాయి.

మత్తుకు లవంగ నూనె. ఎంఎస్-222 అనే మందు వాడేవాళ్ళు ఉన్నారు, మంచి మందే. కానీ అమెరికాలో ఆ మందు పెట్టిన చేపను 21 రోజులదాకా తినకూడదని నియమం. మన దగ్గర ఈ రోజు వదిలిన చేప రేపు పొద్దున ఎవరి వలలోనైనా పడొచ్చు. కొన్నవాళ్ళకు నేనేం చెప్పను? అందుకని నా తొట్టిలో లవంగ నూనె తప్ప ఇంకోటి పడదు. ఒక వంతు నూనెకు తొమ్మిది వంతుల ఇథనాల్ కలపండి, ఊరికే పోస్తే నూనె పైన తేలుతుంది. లీటరు నీటికి 40 మిల్లీగ్రాముల నూనె లెక్కన, 50 లీటర్ల తొట్టికి ఈ కలిపినది 20 మిల్లీలీటర్లు. పంటినొప్పికి అమ్మే చిన్న సీసాల్లో వేరే నూనెలు కలిపి ఉండొచ్చు, లేబులు చదవండి.

చేప ముందు ఊగుతుంది, తర్వాత ఒరుగుతుంది, తర్వాత పొట్ట పైకి తిప్పుతుంది. అప్పుడే తీసేయకండి. తోక మొదట్లో గట్టిగా గిల్లండి. ఉలకకుండా, మొప్ప మూత మాత్రం నెమ్మదిగా లయ తప్పకుండా ఆడుతుంటే తియ్యండి. మొప్ప ఆగిపోతే ఆలస్యమైనట్టే, వెంటనే మంచి సముద్రపు నీళ్ళలోకి మార్చి నోట్లోకి నీళ్ళు పోయేలా ముందుకు నడిపించండి. పని తెల్లవారుజామునే పెట్టుకోండి. ఎండెక్కితే తొట్టి వేడెక్కుతుంది, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది.

చేపను గాడిలో వెల్లకిలా పడుకోబెట్టి, పంపు గొట్టం నోట్లో పెట్టండి. ఆ నీళ్ళలో మత్తు సగం ఉంటే చాలు. కళ్ళ మీద తడిగుడ్డ. చేతులు తడిగా ఉండాలి. పొడి చేత్తో, పొడి తువ్వాలుతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, చేపకు మొదటి కాపుదల ఆ జిగురే.

కోత పొట్ట రెక్కలకూ మలద్వారానికీ మధ్యన, నడిమి గీతకు ఒక పొలుసు వెడల్పు పక్కగా. సరిగ్గా గీత మీదే కొయ్యమనేవాళ్ళు ఉన్నారు, అక్కడ రక్తం తక్కువట. నిజమే కావచ్చు. కానీ చేప ఇసుక మీద వాలితే ముందు రాసుకునేది ఆ గీతే. పక్కనే కొయ్యండి. ముందు కోత వరసలో ఐదారు పొలుసులు ఒక్కొక్కటిగా పీకండి, బ్లేడు పొలుసు మీద జారితే కోత వంకరపోతుంది. 13 మిల్లీమీటర్ల ట్యాగుకు 2 సెంటీమీటర్లు చాలు. మొదట చర్మం, తర్వాత కండ. లోపలి పొర దగ్గరకు వచ్చేసరికి ఆగి, ఆ పొరను ఫోర్సెప్స్‌తో పైకి ఎత్తి పట్టుకుని, బ్లేడు అంచు ఆకాశం వైపు తిప్పి కొయ్యండి. కిందకు నొక్కి కోస్తే పేగు తెగుతుంది. పేగు తెగిన చేప ఆ రోజు బాగానే ఈదుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. వారం తర్వాత చస్తుంది. గుడ్లతో నిండిన చేప అని తెలిస్తే కుట్టేసి వదిలెయ్యండి, ట్యాగు పెట్టొద్దు.

ట్యాగును ముందే క్రిమిసంహారక మందులో నానబెట్టి, సెలైన్‌తో కడిగి ఉంచుకోవాలి. లోపలికి జార్చాక వేలితో మెల్లగా ముందుకు నెట్టండి. అది కోత కింద కూర్చుంటే రోజూ కుట్టును లోపలి నుంచి నొక్కుతూ ఉంటుంది. నా మొదటి ఏడాది ట్యాగులు ఊడింది ఇందుకే అని నా నమ్మకం.

దారం సంగతి. ఒంట్లో కరిగే ఒంటిపోగు దారం, లావు నంబరు 3-0. పట్టుదారం చవకగా, ముడి బాగా నిలిచేలా ఉంటుంది, కానీ అది పోగులు అల్లిన దారం. నీళ్ళనూ క్రిములనూ వత్తిలా లోపలికి లాగుతుంది. మన వెచ్చని నీళ్ళలో గాయం త్వరగా మానుతుంది, క్రిములు ఇంకా త్వరగా పెరుగుతాయి. సూపర్ గ్లూతో అంటించేవాళ్ళతో నేను వాదన మానేశాను.

సూదిని అంచుకు 3 మిల్లీమీటర్ల దూరంలో నిలువుగా దించి, అవతలి అంచులో అంతే దూరాన పైకి తియ్యండి. ఏటవాలుగా దించితే చర్మం అంచులు లోపలికి ముడుచుకుంటాయి. పైకి చక్కగా మూసినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం చర్మం మీద చర్మం ఆనుతుంది, కండకు కండ తగలదు. అలాంటిది ఎన్నాళ్ళైనా అతకదు. ముడి మొదటిసారి రెండు చుట్లు, తర్వాత ఎదురు దిక్కులో ఒకటి, మళ్ళీ ఇటు ఒకటి. అంచులు తాకేదాకే లాగండి. తెల్లబడేలా బిగిస్తే దారమే చర్మాన్ని కోసుకుంటూ బయటికి వస్తుంది. రెండు కుట్లు చాలు. మూడో కుట్టు చేప కోసం కాదు, కుట్టేవాడి భయం కోసం. మొత్తం నాలుగు నిమిషాలు దాటితే మీరింకా చచ్చిన చేపల మీదే సాధన చెయ్యాలి.

వదిలాక

మత్తు లేని తాజా సముద్రపు నీళ్ళు తిరిగే తొట్టిలో చేప నిటారుగా నిలబడి, తోక ముట్టుకుంటే తప్పుకునేదాకా ఉంచి, పట్టిన చోటే వదలండి. వీపున ఫోను నంబరున్న రంగు దారం ఒకటి గుచ్చండి. ఇక్కడ ఆ పాత దారం పనికొస్తుంది.

డేటా చూసేటప్పుడు రెండు మూడు సంగతులు. రిసీవరు గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మనం ఐదున్నర గంటలు ముందు. అర్ధరాత్రి వచ్చిందనుకున్న చేప నిజానికి తెల్లవారుజామున ఐదున్నరకు వచ్చింది. రోజంతటిలో ఒక్కసారే వినిపించిన నంబరును నమ్మకండి, రెండు ట్యాగుల కూతలు కలిసి మూడో నంబరులా వినిపించడం మామూలే. రాళ్ళున్న చోట రాత్రిళ్ళు చేపలు మాయమైనట్టు కనిపిస్తే, ముందు మీరు కట్టి ఉంచిన ట్యాగు చూడండి. అది కూడా తగ్గి ఉంటే చేపలు ఎక్కడికీ పోలేదు. రాళ్ళ సందుల్లో కొండి టపటపలాడించే చిన్న రొయ్యల రొదలో రిసీవరుకే చెవులు మూసుకుపోయాయి. ఒకే రిసీవరు దగ్గర పగలూ రాత్రీ నెలల తరబడి ఆగకుండా వినిపించే నంబరు మాత్రం చేప కాదు, అడుగున పడిన ట్యాగు. దాన్ని లెక్కలోంచి తీసెయ్యండి, మీ కుట్టు మళ్ళీ చూసుకోండి.

ట్యాగున్న చేప దొరికిందని ఫోను చేసినవాళ్ళకు బహుమతి డబ్బు అదే రోజు చేతిలో పెట్టండి. ఒక్కరికి ఆలస్యం చేస్తే పేట మొత్తానికి తెలుస్తుంది, తర్వాత ఎవరూ చెయ్యరు. ఒకసారి చేపలు కోసి అమ్మే ఆవిడ ఫోను చేసింది. పండుగప్ప కడుపులో నల్లగొట్టం దొరికిందట, బాంబేమోనని బకెట్టు నీళ్ళలో వేసి దూరంగా పెట్టిందట. నేను నంబరు అడగడం మరిచిపోయి, పొట్ట మీద కుట్టు ఎలా ఉందమ్మా అని అడిగాను.

"కుట్టేటి బాబూ, ఏటీ నేదు. సన్నగీత ఉంది, అంతే. డబ్బులెప్పుడు తెత్తావు?"