ఆర్కే బీచ్‌లో దృక్ దృశ్య వివేకం: 20 నిమిషాల సాధన

కుండను చూసేవాడు కుండ కాడు. చూసేది దృక్కు, చూడబడేది దృశ్యం, రెంటినీ వేరుగా పోల్చుకోవడమే వివేకం. ఆత్మవిచారణ అంతా ఈ ఒక్క కొలతతోనే నడుస్తుంది. మాట క్షణంలో అర్థమవుతుంది గానీ, నిలవాలంటే రోజూ కూర్చోవాల్సిందే.

తెల్లవారాక, ఎండ చురుక్కుమనకముందే, ఇసుకలో తువ్వాలు పరుచుకుని సముద్రానికి ఎదురుగా కూర్చోండి. వెన్ను నిటారుగా ఉండాలి. మొదటి 5 నిమిషాలు కళ్లు తెరిచే ఉంచి, దూరంగా లంగరేసిన ఓడను చూడండి. ఓడ దృశ్యం, కన్ను దృక్కు. ఇప్పుడు కళ్లద్దాలు తీసేయండి. ఓడ అలుక్కుపోతుంది. మారింది ఓడ కాదు, చూపు మసకబారిందని మనసుకు తెలిసింది. ఇందాక చూసేదిగా ఉన్న కన్ను ఇప్పుడు తెలియబడేదైంది.

తర్వాత 5 నిమిషాలు కళ్లు మూసి మనసును గమనించండి. పిల్లల ఫీజు, నిన్నటి మాటపట్టింపు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. కోపం రావడం తెలిసింది, పోవడమూ తెలిసింది. కోపం పోయినా ఆ ఎరుక పోలేదు. అదే సాక్షి.

మిగతా 10 నిమిషాలూ ‘ఇది ఎవరికి తెలుస్తోంది?’ అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. ‘నాకు’ అని జవాబొస్తే, ఆ మాట కూడా తెలిసిందే కదా! నుదుటి వెనక ఎవరో కూర్చుని చూస్తున్నట్టు ఊహించుకోవడం అందరూ చేసే పొరపాటు. ఆ బొమ్మా దృశ్యమే.

ఇంకో పొరపాటు దీనికన్నా లోతైనది. సింహాద్రి అప్పన్న నిజరూపం వైశాఖ శుద్ధ తదియ నాడు చందనం ఒలిచాకే కనబడుతుంది. పంచకోశాలనూ, అంటే ఆత్మను కప్పినట్టుండే శరీరం, ప్రాణం, మనసు లాంటి అయిదు పొరలనూ, అలాగే ఒలవాలనుకుని ఆలోచనలతో కుస్తీ పడతారు. ఇక్కడ ఒలిచేదేమీ లేదు. ఆలోచన ఉండగానే అది తెలుస్తోంది, ఆ తెలియడమే చైతన్యం. దాన్ని కొత్తగా తెచ్చుకోనక్కర్లేదు.

అడ్డంకులు నాలుగని పెద్దలు లెక్కగట్టారు. లయం అంటే కునుకు. కళ్లు తెరిచి, నాలుగడుగులు వేసి రండి. విక్షేపమంటే మనసు పరుగు. లాగి కట్టేయకండి, అలల చప్పుడు కాసేపు వినండి. కషాయమంటే అడుగున పేరుకున్న పాత రాగద్వేషాల బిగుతు. అప్పుడు నిద్రా ఉండదు, పరుగూ ఉండదు, మనసు మొద్దుబారి ఉంటుంది. అది కషాయమేనని పోల్చుకుంటే చాలు. నాలుగోది రసాస్వాదం. ‘ఎంత హాయిగా ఉందో’ అని అక్కడే ఆగిపోవడం. చాలామంది సాధన ఇక్కడే ఆగుతుంది, సిద్ధించిందనే అనుకుంటారు. ఆ హాయి కూడా తెలుస్తున్నదే. కళ్లు తెరిచి మళ్లీ ఓడ దగ్గర మొదలుపెట్టండి.