ఇంగ్లీషు కథ అచ్చుకు పంపాలంటే: అచ్చు పనిలోని మాటలే చెప్పే పాఠాలు

కథ పూర్తయిన రాత్రే దాన్ని పత్రికకు పంపేయాలని మనసు తొందర పెడుతుంది. పంపకండి. పది రోజులు, వీలైతే మూడు వారాలు ఫైలు తెరవకుండా పక్కన పెట్టండి. రాసిన వేడి తగ్గకముందే చదివితే పేజీ మీద ఉన్నది కాక, మన తలలో ఉన్నదే కనిపిస్తుంది. రాయడం మరిచిన మాటను కూడా కన్ను తనంతట తనే పూరించుకుని ముందుకు పోతుంది. డ్రాఫ్ట్ అన్న మాట ఇంగ్లీషు 'డ్రా'కి చుట్టం. ముందు గీసుకున్నవి గీతలే, బొమ్మ ఇంకా తయారవలేదు.

మొదటిసారి కలం ముట్టుకోకుండా, ఒకే బిగిన, పైకి చదవండి. రెండోసారి కలం పట్టుకుని మూడింటికే గుర్తు పెట్టండి: నాలుక తడబడిన చోటు, మనసు పక్కకు పోయిన చోటు, ముందే చెప్పిన సంగతి మళ్ళీ వచ్చిన చోటు. ఆ తర్వాతే కోత. నూటికి పది మాటలు తీసేయాలని పెట్టుకుంటే మంచిది, అంటే 4,000 మాటల కథ 3,600కి రావాలి. అనవసరమైనది ఎక్కువగా మొదటి పేజీలోనే ఉంటుంది: వాతావరణం, నిద్ర లేవడం, పాత్ర పుట్టుపూర్వోత్తరాలు. మొదటి రెండు పేరాలను చేత్తో మూసి మూడోదాని నుంచి చదవండి. కథ అర్థమైతే ఆ రెండూ అక్కర్లేదు. వాటిలో తప్పనిసరి వివరం ఏదైనా ఉంటే ఒక్క వాక్యం చేసి కిందికి దించండి.

ఇక మాటల ఎంపిక. ఇంగ్లీషు రాసేవాళ్ళు దీని మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఆ భాషలో ఫ్రెంచి మాటలు వరదలా వచ్చి చేరాయి, పండితుల చేతుల మీదుగా లాటిన్ మాటలూ వచ్చాయి. అందుకే ఒకే పనికి రెండు మూడు అంతస్తుల మాటలుంటాయి. 'ఆస్క్' పాత ఇంగ్లీషుది, 'క్వశ్చన్' ఫ్రెంచి నుంచి వచ్చింది, 'ఇంటరాగేట్' లాటిన్‌ది. అర్థం దగ్గర దగ్గరే, బరువు వేరు. ఎక్కడికెళ్ళావని తండ్రి కొడుకుని అడిగే చోట ఆస్క్ సరిపోతుంది. క్వశ్చన్ అంటే తండ్రికి ఏదో అనుమానం ఉన్నట్టు. ఇంటరాగేట్ అంటే ఆ గది పోలీస్ స్టేషన్ అయిపోతుంది. మనకు ఇల్లు, గృహం రెండూ ఉన్నా 'గృహానికి వెళ్తున్నా' అని ఎవరూ అనరు కదా, ఇదీ అంతే. పర్యాయపదాల నిఘంటువు ఈ బరువు చూపించదు. మాట మారిస్తే బాగుంటుందనిపించినప్పుడల్లా దాని పుట్టుక చెప్పే నిఘంటువు కూడా తెరవండి. మనుషులు మాట్లాడుకునే చోట, కొట్టుకునే చోట, ఏడ్చే చోట పొట్టి పాత మాటలే నిలబడతాయి.

వాడి వాడి అరిగిపోయిన మాటను 'క్లీషే' అంటారు. అది నిజానికి ఫ్రెంచి అచ్చుపనివాళ్ళ మాట. ఒక పేజీని లోహపు పలకగా పోతపోసుకుని, కావలసినన్ని సార్లు అదే పలకతో అచ్చు వేసేవారు. 'స్టీరియోటైప్' కూడా ఆ పలక పేరే. మీ కథలో క్లీషేని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది: వాక్యంలో సగం దాచి, మిగతా సగం మీరే ఊహించండి. చూడకుండా చెప్పగలిగితే అది పోతపోసిన పలకే. 'ఆమె కోపంతో ఊగిపోతూ దభాలున తలుపు వేసింది' అనే వాక్యంలో 'కోపంతో' తర్వాత 'ఊగిపోతూ' దానంతటదే వచ్చేస్తుంది. కోపం అన్న మాట తీసేసి, తలుపు చప్పుడికి గోడ మీది కేలండరు ఎంతసేపు ఊగిందో రాయండి. పాఠకుడికి కోపం కనిపిస్తుంది, గది కూడా కనిపిస్తుంది.

పంపే ముందు నిడివి చూసుకోవాలి. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అవార్డులు పెట్టుకున్న లెక్క చాలాచోట్ల పనికొస్తుంది: 7,500 మాటల లోపు చిన్నకథ, 17,500 లోపు నావెలెట్, 40,000 లోపు నావెల్లా, ఆపైన నవల. అయితే పెద్దల కోసం రాసిన మొదటి నవలకు ప్రచురణకర్తలు సాధారణంగా ఎదురుచూసేది 80,000 నుంచి 1,00,000 మాటలు. 1,80,000 మాటల తొలి నవల అంటే చాలామంది మొదటి పేజీ కూడా తెరవరు.

మాన్యుస్క్రిప్ట్ అంటే లాటిన్‌లో చేత్తో రాసినది. ఇప్పుడు టైపు చేసినా పేరు అదే మిగిలింది, దాని ఒద్దిక కూడా మిగలాలి. టైమ్స్ న్యూ రోమన్ 12 పాయింట్లు, వరుసకూ వరుసకూ మధ్య రెట్టింపు ఖాళీ, నాలుగు వైపులా అంగుళం మార్జిన్. పేరా మొదట్లో అరంగుళం లోపలికి జరపండి, అదీ స్పేస్‌బార్ కొట్టి కాదు, పేరా సెట్టింగుల్లో. స్పేస్‌లతో జరిపితే ఫైలు వేరే రూపంలోకి మారినప్పుడు పేరాలన్నీ చెదిరిపోతాయి, సరిచేసే పని ఇంకొకరి నెత్తిన పడుతుంది. మొదటి పేజీలో ఎడమవైపు పేరు, చిరునామా, కుడివైపు మాటల సంఖ్య వందల్లోకి సరిచేసి. తర్వాతి పేజీలన్నిటి పైన ఇంటిపేరు, కథ పేరులోని ఒక మాట, పేజీ నంబరు. సన్నివేశం మారే చోట వరుస మధ్యలో ఒక # గుర్తు. ఇలా కొడితే పేజీకి సుమారు 250 మాటలు వస్తాయి. ఆ రెట్టింపు ఖాళీ అందం కోసం కాదు, సంపాదకుల దిద్దుబాట్ల కోసం. పత్రిక తన నియమాల్లో వేరే కొలతలు ఇస్తే, అవే పాటించండి.

కథతో పంపే ఉత్తరం మూడు నాలుగు వాక్యాలు చాలు: కథ పేరు, నిడివి, అంతకుముందు అచ్చయినవి ఉంటే వాటి పేర్లు. కథ సారాంశం రాయొద్దు. సైమల్టేనియస్ సబ్మిషన్ అంటే ఒకే కథను ఒకేసారి రెండు మూడు పత్రికలకు పంపడం, మల్టిపుల్ అంటే ఒకే పత్రికకు ఒకేసారి రెండు మూడు కథలు పంపడం. నియమాల్లో ఈ రెండింటినీ తారుమారుగా చదివి చిక్కుల్లో పడేవాళ్ళు చాలామంది. మొదటిదానికి ఒప్పుకున్న చోట కూడా, ఎక్కడైనా కథ తీసుకుంటే మిగతావాళ్ళకు అదే రోజు చెప్పేయాలి.

నవలకైతే, రచయిత తరఫున దాన్ని ప్రచురణకర్తకు అమ్మిపెట్టే ఏజెంటుకు క్వెరీ రాయాలి, అంటే నవల చూస్తారా అని అడిగే ఉత్తరం. ఆ మాట మూలం లాటిన్ 'క్వైరే', అంటే 'అడుగు' అని ఆజ్ఞ. 300 మాటల్లో ఎవరి కథ, ఆ మనిషికి ఏం కావాలి, ఏది అడ్డం, ఓడితే పోయేదేమిటి, ఈ నాలుగూ రావాలి. పాత్రల పేర్లు రెండు మూడుకు మించితే చదివేవాళ్ళకు ఒక్కటీ గుర్తుండదు. క్వెరీలో ముగింపు చెప్పక్కర్లేదు. విడిగా అడిగే సినాప్సిస్‌లో, అంటే నవల మొత్తం సారాంశంలో, మాత్రం చెప్పి తీరాలి. కథ నిలబడి ముగిసిందో లేదో చూడడానికే దాన్ని అడుగుతారు, అక్కడ దాపరికం పనికిరాదు.

డబ్బు ఎప్పుడూ రచయిత వైపే రావాలి. ఏజెంటు తీసుకునేది సాధారణంగా రచయిత రాబడిలో 15 శాతం, అదీ పుస్తకం అమ్ముడయ్యాక. చదవడానికి ఫీజు అడిగే ఏజెంటును, అచ్చుకు డబ్బు కట్టమనే ప్రచురణకర్తను వదిలేయండి. రాయల్టీ అన్న మాట రాజుల నుంచి వచ్చింది: గనుల మీద హక్కు రాజుది, తవ్వుకునేవాడు వాటా కట్టేవాడు. ఇక్కడ గని మీది. కాబట్టి ఒప్పందంలో ముందు ఏ హక్కులు, ఏ భాషలకు, ఎన్నేళ్ళకు ఇస్తున్నారో చూడండి, డబ్బు లెక్క తర్వాత.

చివరిగా ప్రూఫులు వస్తాయి, అంటే అచ్చుకు ముందు తప్పులు చూసుకోమని పంపే పేజీలు. వాటిని గ్యాలీలు అంటారు, ఒకప్పుడు కూర్చిన లోహపు అక్షరాలు పెట్టుకునే పళ్ళెం పేరు అది. ఈ దశలో శైలి ముట్టుకోకండి. తప్పులు మాత్రమే చూడండి, వాక్యం కింద స్కేలు పెట్టుకుని, చివరి పేజీ నుంచి వెనక్కి. వరుసగా చదివితే కథ లాక్కుపోతుంది, అక్షరదోషం తప్పించుకుంటుంది. మీరు కావాలని రాసిన మాటను దిద్దేసి ఉంటే ఆ మాట కింద చుక్కలు పెట్టి, మార్జిన్‌లో 'స్టెట్' అని రాయండి. లాటిన్‌లో దాని అర్థం: అలాగే ఉండనీ.