మొక్కజొన్నలో గడ్డిమందు ఎప్పుడు, ఎంత, ఎట్టా కొట్టాలి

గడ్డి మోకాలెత్తు లేచినాక షాపుకాడికి పోయి "అన్నా అట్రాజిన్ ఇయ్యి" అని అడిగేవాళ్ళని మా దర్శి పక్క ఏటా చూస్తా ఉంటా. ఆ డబ్బులు కాలవలో పోసినట్టే. అట్రాజిన్ మొలకెత్తే గింజని పట్టుకునే మందు, ఎదిగిన గడ్డి దానికి లొంగదు. అందుకే విత్తనం పెట్టిన 48 గంటల్లోపు కొట్టెయ్యాలి, మహా అయితే మూడో రోజు.

డోసు చూడండి. అట్రాజిన్ 50 శాతం పొడి, ఎర్ర నేలలకి ఎకరాకు 800 గ్రాములు, నల్లరేగడికి 1200 గ్రాములు, నీళ్ళు 200 లీటర్లు. 20 లీటర్ల ట్యాంకయితే ఎకరాకు పది ట్యాంకులు, అంటే ఎర్ర నేలలో ట్యాంకుకి 80 గ్రాములు. నీళ్ళు మోయలేక ఆరు ట్యాంకులతో ముగించేవాళ్ళున్నారు, అట్టా చేస్తే చారలు చారలుగా గడ్డి లేస్తది, నెల తర్వాత చేను చూస్తేనే ఎవరు కొట్టారో తెలిసిపోద్ది. పొడి నేరుగా ట్యాంకులో పోయొద్దు, అడుగున ముద్ద కట్టి నాజిల్ మూసుకుపోద్ది. బకెట్‌లో కాసిని నీళ్ళతో పేస్టులాగా కలిపి, పల్చగా చేసి, అప్పుడు పోయండి, మధ్యమధ్యలో ట్యాంకు ఊపతా ఉండండి.

అన్నిటికన్నా ముఖ్యం తేమ. పొడి దుక్కి మీద కొడితే మందు పైపైనే ఉండిపోద్ది. సాగర్ నీళ్ళు పెట్టుకునేవాళ్ళు తడి ఇచ్చి, కాలు దిగబడకుండా ఉన్నప్పుడు కొట్టుకోండి. పురుగుమందుకి వాడే గుండ్రటి నాజిల్ పీకేసి, విసనకర్రలాగా పడే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ పెట్టండి, కొడతా వెనక్కి నడవండి, ఎందుకంటే మందు పడిన నేలని తొక్కితే ఆ పొర చెదిరి అడుగుల్లోనే గడ్డి మొలుస్తది.

మొక్కజొన్నలో కందో మినుమో అంతరపంటగా ఏశారా, అప్పుడు అట్రాజిన్ జోలికి పోవద్దు, పప్పు మొక్కలు మాడిపోతాయి. పెండిమిథాలిన్ 30 శాతం ఎకరాకు లీటరు వాడండి.

సరే, ఆ రెండు రోజులు తప్పిపోయినాయి, వానో కూలీలో అడ్డం వచ్చారు. అప్పుడు 15 నుంచి 20 రోజుల మధ్య, గడ్డి రెండు నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు టెంబోట్రియాన్ (లాడిస్) 115 మిల్లీలీటర్లు గానీ, టోప్రామెజోన్ (టింజర్) 30 మిల్లీలీటర్లు గానీ ఎకరాకు కొట్టుకోవచ్చు. ప్యాకెట్‌లో వచ్చే జిగురు సీసా కూడా కలపాలి, అది పారేసి మందు పనిచెయ్యలేదంటే ఏం చెప్తాం. కొట్టిన మర్నాడే గడ్డి పడిపోవాలని చూడొద్దు, వారానికి తెల్లగా పాలిపోయి తర్వాత ఎండుద్ది. గడ్డి జానెడు దాటితే మాత్రం ఈ మందులూ సగమే పనిచేస్తాయి.

తుంగ సంగతి వేరు, కింద గడ్డలుంటాయి కాబట్టి పీకినా వస్తది. తుంగ మూడు నాలుగు ఆకులప్పుడు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం ఎకరాకు 36 గ్రాములు.

వయ్యారిభామ, గలిజేరులాంటి వెడల్పాటి ఆకుల కలుపే ఎక్కువుంటే 25, 30 రోజులకి 2,4-డి సోడియం సాల్ట్ 80 శాతం ఎకరాకు అరకిలో. దీనితో మాత్రం జాగ్రత్త, నాకు తగిలిన దెబ్బ చెప్తా. అది కొట్టిన ట్యాంకు రెండు నీళ్ళతో తొలిచి, మర్నాడు అదే ట్యాంకుతో మిరపకి పురుగుమందు కొట్టా. నాలుగు రోజులకి చిగుళ్ళు మెలికలు తిరిగినాయి, బొబ్బర తెగులేమో అని ఇంకో రెండు మందులు కూడా కొన్నా, అసలు సంగతి తర్వాత గుర్తొచ్చింది. పక్క చేలో పత్తో మిరపో ఉండి గాలి అటు తోలతా ఉంటే ఆ రోజు మానుకోండి. గడ్డిమందుకి వేరే ట్యాంకు పెట్టుకుంటే ఈ గోలే లేదు, నాదానికి ఇప్పుడు ఎర్ర పెయింటు పూసి పెట్టా. ఇక గ్లైఫోసేట్ మొక్కజొన్న ఉన్న చేలో అస్సలొద్దు, గడ్డితో పాటు పైరూ పోద్ది.

చేతికి గ్లౌజులు, మూతికి గుడ్డ, నిండు చేతుల చొక్కా ఏసుకుని పొద్దున్నే గాలి లేనప్పుడు కొట్టండి. 30, 35 రోజులకి సాళ్ళ మధ్య గుంటక తోలి యూరియా ఏసి మట్టి ఎగదోసుకుంటే, ఆ తర్వాత ఆకులు కలిసి నీడ పడుద్ది, కింద గడ్డికి ఎండ దొరకదు.